నూకరత్నం నోరు విప్పితే తెరుచుకున్న తలుపు

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక తలుపులు ఉండేవాడు. నవ్వకు బంగారూ, చెక్క తలుపులు కాదు, మనిషే. వాళ్ళమ్మకి చాలాకాలం పిల్లలు పుట్టకపోతే లోవ తలుపులమ్మ తల్లికి మొక్కుకుంది. అప్పుడు పుట్టాడు. అందుకని తలుపులు అని పేరు పెట్టుకుంది. మా వైపు ఆ పేరుగలవాళ్ళు వీధికొకరు ఉంటారు.

ఈ తలుపులుకి ఒక పాత పికప్ వ్యాను ఉండేది. దానికి హారను తప్ప అన్నీ మోగేవి. ఎడమ పక్క తలుపు ఊడి పడుతోందని దానికి వెల్డింగ్ పెట్టించేశాడు. ఇక మిగిలింది కుడి పక్క తలుపు. దాన్ని పైకెత్తి, లోపలికి నొక్కి, భుజంతో ఒక్కటిస్తే గాని తెరుచుకునేది కాదు. దాని అద్దం కూడా నాలుగు వేళ్ళ సందు దిగి ఆగిపోయేది. ఆ సందులోంచి తలుపులు చెయ్యి పడుతుంది గాని పొట్ట పట్టదు. ఆ పొట్టకి వీధి గుమ్మమే చాలదు, ఇక సందేం చాలుతుంది?

ఆయన పెళ్ళాం నూకరత్నం. పనిలోకి దిగితే రాక్షసే. నోరూ ఉంది, తెలివీ ఉంది. కానీ కాపురానికొచ్చిన మర్నాడే అత్తగారు కూర్చోబెట్టి చెప్పింది, "మొగుడి పేరు నోటితో పలక్కే కోడలా, ఆయుష్షు తగ్గిపోద్ది" అని. నూకరత్నం సరేనంది.

అంతవరకు బాగానే ఉంది. ఆ రోజుల్లో అందరం అంతే. నేను మాత్రం మీ తాతయ్యని ఏమని పిలిచాను, "ఇదిగో" అనేగా! కానీ పాపం నూకరత్నానికి మొగుడి పేరు ఇంట్లో ప్రతి గదికీ ఒకటి వేలాడుతోందే! అందుకని ఆవిడ భాష వేరు. "వీధిది వేసిరండ్రా" అనేది పిల్లలతో. "దొడ్డిది తీసుందేమో చూడండి, కుక్క దూరుద్ది" అనేది. "గదిది గట్టిగా లాగకండి, వేళ్ళు నలుగుతాయి" అనేది. ఇంట్లోవాళ్ళకి అలవాటైపోయింది.

బండి తలుపు చూసినప్పుడల్లా ఆవిడకి గుబులు.

"ఆ బండిది బాగు చేయించరాదా?" అనేది.

"బండిదంటే ఏది? చక్రమా? లైటా?" అనేవాడు తలుపులు, ఏమీ తెలీనట్టు.

"అదేనయ్యా, పక్కది. నువ్వు దిగేది."

"దానికో పేరుంటుంది కదే. ఆ పేరు చెప్పు, రేపే చేయించేస్తాను."

ఆవిడ మూతి ముడుచుకునేది. ఆయన పొట్ట ఊగేలా నవ్వేవాడు. తనని పేరు పెట్టి పిలిస్తే ఎలా ఉంటుందో వినాలని ఆయనకి ఆశ, ఏం చేస్తాడు! అలా నవ్వుతూనే ఏళ్ళు గడిపేశాడు. తలుపు మాత్రం తుప్పు పట్టింది.

ఒకనాడు మొగుడూ పెళ్ళాలు బండి నిండా పనసకాయలు వేసుకుని సంతకి బయల్దేరారు. ముందు సీట్లో కూడా కాయలే. అందుకని నూకరత్నం వెనకాల కాయల మీద కూర్చుంది. దారిలో ఏరు దాటాలి. ఎండాకాలం ఏరు, చీలమండ తడవదు. కానీ పైన కొండల మీద వాన పడింది. కొండ మీద వాన పడితే ఏరు కబురు పెట్టి రాదు కదా!

బండి సరిగ్గా ఏటి నడిమికి వచ్చింది. దగ్గింది. తుమ్మింది. ఆగిపోయింది. అప్పుడు నీళ్ళు రావడం మొదలుపెట్టాయి.

తలుపులు దిగుదామని తలుపు పైకెత్తాడు, లోపలికి నొక్కాడు, భుజంతో ఒక్కటిచ్చాడు. ఊహూఁ, రాలేదు. నూకరత్నం వెనకనుంచి దూకి, బయటినుంచి పట్టుకుని లాగింది. పిడి ఊడి చేతిలోకి వచ్చింది.

"ముందరి అద్దం పగలగొడతానయ్యా!" అని రాయి ఎత్తింది.

"ఓసి ఓసి, దాని మీద అమ్మవారి బొమ్మ ఉందే, కళ్ళు పోతాయి!" అని లోపలినుంచి కేకలేశాడు. అప్పటికే ఆయన పాదాలు మునిగాయి.

ఇక లాభం లేదని నూకరత్నం చీర ఎగ్గట్టుకుని ఊళ్ళోకి పరిగెత్తింది. గట్టు మీద గేదెలు కాసుకుంటూ పోలయ్య తాత కనిపించాడు.

"తాతా! మా ఇంటాయనది ఏట్లో పట్టేసింది!"

"నడుమేనా?" అన్నాడు తాత. "బండి తోలేవాళ్ళందరికీ అంతేలేవే. పద, రాస్తాను." బొడ్లో ఎప్పుడూ ఉండే ఆముదం సీసా తడుముకుని బయల్దేరాడు.

"నడుం కాదు తాతా, అది..." అని నాలిక కరుచుకుంది. మొగుడి ఆయుష్షు కదా! ఇంకా ముందుకి పరిగెత్తింది. ఆ తర్వాత ఎముకలకి కట్లు కట్టే అప్పలస్వామి ఎదురయ్యాడు.

"అన్నయ్యా, కీలు కదలట్లేదు! బిగిసిపోయింది!"

"మోకాలి కీలా, మోచేతి కీలా?"

"కుడి పక్కది!"

"కుడి మోకాలా? అయ్యయ్యో!" అని వెదురుబద్దల కట్ట చంకన పెట్టుకుని ఆయనా పరిగెత్తాడు.

ఆ తర్వాత పుణుకులు వేయించి అమ్మే సూరీడమ్మ.

"పెద్దమ్మా, ఎంత లాగినా తెరుచుకోట్లేదు!"

"కళ్ళేనా? మూర్ఛొచ్చిందన్నమాట" అని సూరీడమ్మ తరుగుతున్న ఉల్లిపాయ పిడికిట్లో పెట్టుకుని లేచింది. మూర్ఛపోయినవాళ్ళకి ఉల్లిపాయ వాసన చూపిస్తారులే, అందుకు.

ముగ్గురూ, వాళ్ళ వెనకే నూకరత్నం, ఏటి దగ్గరికి వచ్చి చూద్దురు కదా, నీళ్ళు తలుపులు ఒళ్ళోకి వచ్చేశాయి. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, "తలుపులమ్మ తల్లీ! కాపాడే తల్లీ!" అని ఏరు దద్దరిల్లేలా మొక్కుతున్నాడు.

"ఓసి నీ దుంపతెగా! తలుపే ఇది!" అంది సూరీడమ్మ. "ఆ ముక్క చెబితే గడ్డపారే తెద్దుం కదే!"

"నేనెలా చెప్తాను పెద్దమ్మా?" అని నూకరత్నం చెంపలేసుకుంది.

మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళొచ్చే వ్యవధి లేదు. పోలయ్య తాత ఉన్న ఆముదమంతా తలుపు కీళ్ళకి పోసేశాడు. అప్పలస్వామి వెదురుబద్దలు సందులో దోపి ఎగదోశాడు. సూరీడమ్మ ఉల్లిపాయ పట్టుకుని నిలబడింది, ఇంకేం చేస్తుంది? తలుపు కిర్రుమని వేలెడు కదిలి ఆగిపోయింది. "మనం లాగేటప్పుడే వాడు లోపలినుంచి తన్నాలి, లేకపోతే రాదు" అన్నాడు అప్పలస్వామి.

"ఒరే తలుపులూ, తన్నరా!" అని అరిచారు. ఆయన వినలేదు. ఏటి హోరొకటి, ఆయన మొక్కులొకటి. "ఒరే తలుపులూ!" మళ్ళీ అరిచారు. పుట్టినప్పటినుంచి ఊరంతా అరుస్తున్న పేరే, కొత్తేముంది? ఆయన చెవికెక్కలేదు. నీళ్ళు గుండెలకి వచ్చాయి.

అప్పుడు నూకరత్నం ఆలోచించింది. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందంది అత్త. ఏ ఏడాదో రెండేళ్ళో తగ్గుతుందేమో. పలక్కపోతే ఈ పూటకే సరి! అంతే, కొంగు బిగించింది. అద్దం సందుకి నోరు ఆనించింది. గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"తలుపులూ! తలుపు తన్నరా!"

చూశావా బంగారూ, ఆ కంగారులో "రా" కూడా అనేసింది!

మొక్కు ఆగిపోయింది. కళ్ళు తెరుచుకున్నాయి. ఎన్నేళ్ళుగా వినాలనుకున్న పేరు పెళ్ళాం నోట్లోంచి వస్తే మనిషి ఎగిరిపడడూ! ఆ ఎగిరిపడడంలో రెండు కాళ్ళూ వెళ్ళి తలుపుకి తగిలాయి. ధన్! తలుపు తెరుచుకుంది. అప్పలస్వామి నీళ్ళలో బోర్లా పడ్డాడు. పనసకాయలు ఒకదాని వెనకాల ఒకటి, సంతకి మేమే వెళ్తాంలే అన్నట్టు తేలుకుంటూ పోయాయి.

అందరూ కలిసి తలుపుల్ని గట్టుకి లాగారు. ఆయన తెరిచిన నోరు మూయకుండా నూకరత్నం వంకే చూస్తున్నాడు. అప్పుడు సూరీడమ్మ, తెచ్చినదాన్ని ఎందుకు పోనివ్వాలని, ఉల్లిపాయ ఆయన ముక్కు దగ్గర పెట్టింది. తలుపులు గట్టిగా తుమ్మి మాట్లాడాడు.

"నన్ను పేరు పెట్టి పిలిచావే!"

"నిన్నెవరు పిలిచారు? నేను బండి తలుపుని పిలిచాను."

"మరి రా అన్నావు?"

"తలుపుని రా అనక, అండీ అంటారా ఎవరైనా?"

అందరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే నూకరత్నానికి ఏడుపొచ్చేసింది. నీళ్ళోడుతున్న ఆయన చొక్కా రెండు చేతులా పట్టుకుని, "నువ్వు లేకపోతే నేనేమైపోదునయ్యా" అని ఏడ్చింది. తలుపులుకి నవ్వు రాలేదు. తన ఎకసెక్కాలు ఎంత పని చేశాయో తెలిసొచ్చింది.

"ఊరుకోవే, ఊరుకో" అన్నాడు మెల్లిగా. "రేపే బండిది చేయిస్తాను."

ఏమన్నాడూ? బండిది అన్నాడు! తలుపు అనలేదు.

ఏట్లో నీళ్ళు తీశాక బండిని గట్టుకి లాగించి, అన్నమాట ప్రకారం రెండు పక్కలా కొత్త తలుపులు పెట్టించాడు. వేలితో నొక్కితే తెరుచుకునేవి. ఆ తర్వాత ఎప్పుడైనా ఆశ పుట్టి, "ఏదే, ఇంకొక్కసారి పిలూ" అని అడిగేవాడు. "మళ్ళీ ఏరు రానీ, చూద్దాం" అనేది నూకరత్నం.

ఆయుష్షు తగ్గలేదా అంటావా? తగ్గినట్టు లేదమ్మా. పళ్ళన్నీ ఊడిపోయాక కూడా మునిమనవలకి పనస తొనలు ఒలిచి పెట్టాడు. అమ్మవారే సర్దేసిందేమో.

సరే, ఇక లేచి ఆ వీధిది వేసిరా. చూడు, నాకూ అదే వచ్చేస్తోంది!

తలుపు తీస్తే తలుపులొచ్చె,
కనులు మూస్తే కునుకు వచ్చె,
కథ బండి కంచి చేరె,
మన బండి మంచం చేరె!