బంగారు కాలి జీరంగి

ఆ చెప్పు కింద పెట్టవే గౌరీ! గోడ మీది పురుగు నిన్నేం చేసిందని? ఇలా వచ్చి పడుకో, చెప్తా.

అనగనగా కొండ దిగువన ఒక ఊళ్ళో బ్రహ్మలింగాచారి అని ఒక కంసాలి ఉండేవాడు. పగలంతా నగలు చేసేవాడు. సాయంత్రమైతే తుమ్మచెట్ల వెంటా పేడకుప్పల వెంటా తిరిగి పెంకుపురుగుల్ని ఏరుకొచ్చేవాడు. ఆకుపచ్చగా మెరిసే జీరంగులు, కొమ్మున్న కొబ్బరి పురుగులు, పేడ ఉండలు దొర్లించేవి, ఎన్నో! చచ్చినవాటిని సూదికి గుచ్చి, నగల పట్టకారుతోనే కాళ్ళు సర్దేవాడు.

ప్రతి పురుగు కిందా ఒక చీటీ. ఏ చెట్టు మీద దొరికింది, ఏ రోజు దొరికింది, ఎవరు చూపించారు, అన్నీ ఆవగింజంత అక్షరాలతో రాసేవాడు. పైకి చదువుకుంటూ రాసేవాడు. పక్కన భూతద్దం పట్టుకుని ఆయన పెళ్ళాం పైడమ్మ వినేది. ఊరివాళ్ళు "పురుగుల ఆచారి" అని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ, వాళ్ళ సొమ్మేం పోయింది!

ముప్ఫై ఏళ్ళకు పన్నెండు పెట్టెలు నిండాయి. ఆ తర్వాత, పాపం, ఆయనకు చూపు పోయింది.

అప్పుడు పట్నం నుంచి మ్యూజియం పెద్దాయన ఒకడు దిగాడు. "ఆచారిగారూ, మీ పేరు పెట్టి పదిమందికీ చూపిస్తాం" అని తియ్యగా మాట్లాడి పెట్టెలన్నీ పట్టుకుపోయాడు. ఏం చేశాడో తెలుసా? చీటీలు చెత్తగా ఉన్నాయని పీకి ఊడ్పించేశాడు! పురుగుల్ని ముగ్గులా రంగురంగులుగా పేర్చి, అద్దం బిగించి, పైన తన పేరు రాయించుకున్నాడు. వాడి చేతులు పడిపోను!

సంగతి విని ఆచారి అన్నం మానేశాడు. "చీటీ లేకపోతే అవి ఉత్త చచ్చిన పురుగులే పైడీ. మళ్ళీ రాద్దామంటే నాకు కళ్ళేవీ?" అన్నాడు.

పైడమ్మకు ఒళ్ళు మండిపోయింది. మొగుణ్ణి చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది.

మ్యూజియంలో జనం మధ్య నిలబడి అద్దం మీద వేలు పెట్టింది. "ఇది మా పెద్దమ్మాయి పుట్టిన రోజు తుమ్మచెట్టు మీద దొరికింది." పెద్దాయన నవ్వాడు. ఆ తర్వాత ఇంకోటి చూపించింది. "ఇది తుపానుకి పడ్డ కొబ్బరిచెట్టు మొవ్వులోది." "కథలు ఎవరైనా చెప్తారమ్మా" అన్నాడు వాడు. ఎంత పొగరో చూడు!

అప్పుడు మూడోది చూపించింది. "ఈ జీరంగికి ఒక కాలు విరిగితే, నా ముక్కుపుడక కరిగించి, తీగ లాగి, కాలు పెట్టాడు నా మొగుడు. పురుగు నీదేగా? ఆరు కాళ్ళలో ఏదో చెప్పు!"

వాడు అద్దానికి ముక్కు ఆనించి తొంగి తొంగి చూశాడు. "ఎడమ పక్క, చివరిది" అంది పైడమ్మ. భూతద్దం పెట్టి చూశారు. వెంట్రుకంత బంగారం తళుక్కుమంది.

జనం ఛీ కొట్టారు. పెద్దాయన చేతులు జోడించాడు. "దండాలెందుకు? ముందు నీ పేరున్న ఆ బోర్డు పీకు. ఆ తర్వాత కింద కూచో. నేను చెప్తా, ప్రతి చీటీ మీదా మా ఆయన పేరు పెట్టి నువ్వు రాయి" అంది పైడమ్మ. ముప్ఫై ఏళ్ళు విన్నది కదా, అన్నీ నోటికొచ్చు. మూడు రోజులు నడుం విరిగేట్టు రాశాడు వాడు.

పక్కన స్టూలు మీద కూచున్న ఆచారి అడిగాడు. "అక్షరం ఆవగింజంత ఉందా పైడీ?"

"ఎక్కడ! గుమ్మడికాయంత ఉంది."

"అయితే మళ్ళీ రాయమను."

కథేమో కంచికి చేరింది,
పేరేమో చీటీకి చేరింది,
చెప్పేమో గుమ్మానికి చేరింది,
మా గౌరి నా పక్కకి చేరింది.