కాషాయపు గుడ్డలో ఏలకుల తోట

తాయారుకు శుక్రవారం మంత్రోపదేశం జరగాలి. ఆరేళ్లుగా ఆశ్రమం వంటశాలలో గరిటె తిప్పుతూ ఆమె ఎదురుచూసిన రోజు అది. మంగళవారం పొద్దున చేసిన పొరపాటుతో, ఆ ఉపదేశం ఉంటుందో లేదో కూడా తెలియకుండా పోయింది.

ఆ ఆశ్రమంలో ఒక ఆచారం ఉంది. ఏ పుస్తకమైనా సరే కాషాయపు గుడ్డలో చుట్టి, దారం కట్టి పెట్టాలి. తాయారు ఆచారం తప్పే మనిషి కాదు. అందుకే బస్టాండులో కొన్న 'ఏలకుల తోటలో ఏడు రాత్రులు' అనే నవలను కూడా కాషాయపు గుడ్డలోనే చుట్టి, పోపుల డబ్బా పక్కన పెట్టుకుంది. అప్పటికే పద్నాలుగు ముద్రణలు పడిన నవల. అట్ట మీది బొమ్మ సంగతి అడక్కండి.

పారాయణ గ్రంథానికి గుడ్డ మార్చడం కూడా ఆమె పనే. ఆ మంగళవారం గ్రంథాన్ని వంటశాలకు తెచ్చి, ఉతికిన గుడ్డలో చుట్టింది. అంతలో పొయ్యి మీద పాలు పొంగాయి. పాలు దింపి, చేతికందిన మూట తీసుకెళ్లి మంటపంలో వ్యాసపీఠం మీద పెట్టి వచ్చింది.

పారాయణ చేసేది పరాంకుశం గారు. రిటైరైన హెడ్మాస్టరు, స్వామికి పెద్ద శిష్యుడు. కళ్ల కంటే గొంతు ముందు నడుస్తుంది ఆయనకు. మూట విప్పి, మధ్యకు తెరిచి, రాగం ఎత్తుకున్నారు.

"అతని వేళ్లు ఆమె జడలోంచి జారి, రవిక ముడి దగ్గర ఆగి..."

"గోవిందా!" అన్నారు యాభై మంది, అలవాటుగా.

"ఆమె నిట్టూర్పు అతని మెడకు వెచ్చగా తగిలి..."

"గోవిందా!"

అప్పటికి గానీ పరాంకుశం గారి గొంతు ఆగలేదు. వెనక వరసలో ఒక ముసలామె మాత్రం, "ఆపేశావేం నాయనా, ఇది ఎన్నో అధ్యాయం?" అని అడిగింది.

స్వామి ఊళ్లో లేరు. గురువారానికి గానీ రారు. అందాకా సాక్ష్యం భద్రంగా ఉండాలని పరాంకుశం గారు నవలను తన గదిలోనే ఉంచుకున్నారు. ఆ రెండు రోజులూ ఆయన భోజనానికి ఆలస్యంగా వచ్చారు.

గురువారం స్వామి వచ్చి మంటపంలో కూర్చోగానే పరాంకుశం గారు నవలను ఆయన ముందు పెట్టారు.

"దీన్ని ధుని మంటలో వేసేయాలి స్వామీ. ఈవిణ్ణి పంపించేయాలి. ఇలాంటి మనసుకు మంత్రం ఏమిటి?"

తాయారు స్తంభం పక్కన కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. స్వామి ఆమె వైపు తిరిగారు.

"ఎన్నిసార్లు చదివావమ్మా?"

"తొమ్మిది సార్లు స్వామీ."

"బాగుందా?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. అడిగారు కదా అని చెప్పేసింది.

"కథ బాగుంది స్వామీ. ఆ ఎస్టేటు యజమాని మాత్రం అంత చలిలో చొక్కా వేసుకోడు. నాలుగు వందల పేజీల్లో మనిషికి ఒక్క తుమ్ము రాదు. ఆ పిల్ల నేత్ర కూడా చీటికీ మాటికీ కళ్లు తిరిగి పడిపోతుంటుంది. సరిగ్గా తినదనుకుంటాను. అయినా..."

"అయినా?"

"వదలబుద్ధి కాదు."

"ఎందుకు వదలబుద్ధి కాదో నేను చెబుతాను స్వామీ!" అన్నారు పరాంకుశం గారు. "నూట నలభై రెండో పేజీ. నూట డెబ్బై. రెండు వందల పదిలో కింది సగం."

అంత వివరంగా ఆయనకెలా తెలుసని ఎవరూ అడగలేదు. పెద్దాయన కదా.

స్వామి పుస్తకాన్ని అరచేతిలో నిలబెట్టి, రెండో చెయ్యి వదిలేశారు. పుస్తకం తనంతట తానే రెండుగా విచ్చుకుంది. అంచుల్లో పసుపు మరకలు, మూల మడతలు నలిగి మెత్తబడిన కాగితం.

"ఎనభై ఏడు," అన్నారు స్వామి. "చదువు పరాంకుశం. పారాయణ చేసినట్టే చదువు."

పరాంకుశం గారు అయిష్టంగానే అందుకున్నారు.

"నేత్రకు జ్వరం తగ్గలేదు. అతనే గంజి కాచాడు. గిన్నెను నీళ్లలో పెట్టి చల్లార్చాడు. ఒక గుక్క తాగించి, ఉప్పు సరిపోయిందా, అని అడిగాడు."

"గోవిందా," అన్నారు వెనక నుంచి, కాస్త మెల్లగా. ఈసారి ఎవరికీ నవ్వు ఆపుకోవాల్సిన అవసరం రాలేదు.

"తాయారు వంట ఎన్నేళ్లుగా తింటున్నావు?" అని అడిగారు స్వామి.

"ఆరేళ్లు స్వామీ. రోజూ ఉప్పు తక్కువే."

"ఆవిడ ఎన్నింటికి తింటుంది?"

పరాంకుశం గారు వంటశాల వైపు తిరిగి చూశారు.

స్వామి జవాబు కోసం చూడలేదు. నవలను కాషాయపు గుడ్డలో చుట్టి, తానే దారం ముడి వేసి, తాయారు చేతికిచ్చారు.

"పోపుల డబ్బా పక్కన పెట్టకు తల్లీ, జిడ్డంటుతుంది. రేపు తలస్నానం చేసి రా."

ఆ మధ్యాహ్నం మూడింటికి, అందరూ తిని లేచాక, గిన్నెలు కడిగి తాయారు కంచం ముందు కూర్చుంది. రెండో ముద్ద కలుపుతుంటే గుమ్మంలో నీడ పడింది. పరాంకుశం గారు. దారి తప్పి వచ్చినట్టు కాసేపు వంటశాల పైకప్పు చూశారు. గొంతు సవరించుకున్నారు గానీ, రాగం రాలేదు.

"ఏమ్మా... ఉప్పు సరిపోయిందా?"

తాయారు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తర్వాత దాన్ని నోట్లో పెట్టుకుని రుచి చూసింది.

"కొంచెం తక్కువైందండీ," అంది.

ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఉప్పు జాడీ ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టారు.