ఒడిలో గుమ్మడికాయ ఉన్న అమ్మ

గుమ్మళ్ళమిట్టకు వచ్చే భక్తులకు ముందుగా ఒక మనవి. ఇక్కడ గుమ్మడికాయను పగలగొట్టరాదు. దిష్టి తీసి నేలకేసి కొట్టడానికి ఎవరైనా చెయ్యెత్తితే, ఎంతటివారైనా సరే, పూజారమ్మ గద్దించి కాయను లాక్కుంటుంది. కోపగించుకోవద్దు. ఈ గుడిలో గుమ్మడికాయ ఉన్నది కోసి, వండి, పిల్లలకు పెట్టడానికి. మొదటి కత్తి కూడా తల్లే పెట్టాలి, మగవారు ముట్టరాదు. గర్భగుడిలో కూర్చొని ఉన్న అమ్మవారి ఒడిలో, బిడ్డ ఉండవలసిన చోట, ఒక గుమ్మడికాయ ఉంటుంది. అదేమిటని అడగని యాత్రికుడు లేడు.

పూర్వం ఈ మిట్ట మీద గొర్రెల కాపరుల ఇళ్ళు మూడే మూడు ఉండేవి. వానలు లేని ఒక ఏడాది మగవారందరూ మందలను తోలుకొని మేత కోసం అడవికి వెళ్ళిపోయారు. ఉగాదికి తిరిగి వస్తామన్నారు. బీరప్ప ఇంట్లో అతని తల్లి లచ్చుమక్క, భార్య కొండక్క, ఏడేళ్ళ కొడుకు ఓబులు మిగిలారు. పూటకింత జొన్న సంకటి, దానిలోకి చింతపండు పులుసు. ఆకుకూర మొలవలేదు, పాలచుక్క లేదు. అంట్లు తోమిన నీళ్ళతో బతికిన పాదు మాత్రం మిద్దె మీదికి పాకి ఐదు గుమ్మడికాయలు కాసింది. అవి పండి బంగారు రంగు తిరిగాయి.

శివరాత్రి దాటేసరికి ఓబులుకు పొద్దుగూకితే చూపు ఆనడం మానేసింది. కొండక్క వాణ్ణి వాకిట్లో కూర్చోబెట్టి, మూడు వేళ్ళు చూపి, "ఎన్ని వేళ్ళురా?" అని అడిగేది. తల్లి ముఖం చిన్నబోతుందని వాడు ఏదో ఒకటి చెప్పేవాడు. ఒక్కోసారి అది సరిపోయేది. ఆ పూట ఆమెకు నాలుగు ముద్దలు దిగేవి.

ఆ దారిన సోది చెప్పే ఎరుకలసాని ఒకామె వచ్చింది. తల్లి చేయి చూడమంటే ఆమె బిడ్డ కండ్లు చూసింది. "ఇది రేచీకటి తల్లీ. మందు మీ మిద్దె మీదనే పండింది గదా! పండిన గుమ్మడి ఉడకేసి దినామూ పెట్టు. కండ్లకు సత్తువ, కడుపుకు చలవ. గింజలు కూడా పారేయొద్దు, ఎండబెట్టి వలిచి పెట్టు, ఒంట్లో బలం పడుతుంది" అని చెప్పి వెళ్ళింది.

కొండక్క వెంటనే కొడవలి తీసింది. లచ్చుమక్క అడ్డుపడింది. ఆడది గుమ్మడికాయకు మొదటి కత్తి పెడితే పెద్దకొడుక్కు కీడని ఆ ఇళ్ళలో గట్టి నమ్మకం. "వయసులో ఉన్నప్పుడు నేనూ అట్లనే కోస్తి. ఆ ఏడే నా పెద్దోడు అమ్మోరు పోసి పాయ. ఆ కడుపుకోత నీకొద్దు బిడ్డా. ఇంక పన్నెండు దినాలే గదా, బీరప్పను రానీ" అని కోడలి చేయి పట్టుకొని ఏడ్చింది.

ఆమె మాటలో కపటం లేదు, భయమే ఉంది. మనవడంటే ఆమెకు ప్రాణం. బిడ్డ కోసం తీసిన కొడవలిని కొండక్క ఆ బిడ్డ కోసమే తిరిగి గూట్లో పెట్టింది. దినాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

తొమ్మిదో దినం పొద్దుగూకే వేళ, కుంటిదని ఇంటి దగ్గర వదిలిన గొర్రెపిల్ల మిట్ట పక్కన నీళ్ళెండిన వంక వైపు వెళ్ళి అరిచింది. ఓబులు ఆ అరుపు పట్టుకొని నడిచాడు. గట్టు ఎక్కడ ముగిసిందో వాడికి కనబడలేదు. రాళ్ళ మీద పడిన బిడ్డను అత్తాకోడళ్ళు మోసుకొని వచ్చేసరికి ఊపిరి లేదు.

అన్న మాట ప్రకారం పన్నెండో దినాన బీరప్ప వచ్చాడు. సంగతి విని గడప దగ్గరే కూలబడ్డాడు. కొండక్క మిద్దె ఎక్కి ఒక కాయను తెంపుకొని వచ్చి, భర్త ఎదుటే దానికి కొడవలి పెట్టింది. లచ్చుమక్క వద్దనబోయింది.

"ఇంక కీడు జరిగేదానికి నాకెవరుండారత్తా?" అంది కొండక్క.

తక్కిన రెండు ఇళ్ళలోనూ ఇద్దరు పిల్లలకు అదే జబ్బు ఉండేది. ఆమె ఆ గుమ్మడిని బెల్లం వేసి ఉడికించి వాళ్ళకు తన చేత్తో తినిపించింది. ఐదు కాయలూ అయిపోయేలోగా ఆ పిల్లలకు సందెచూపు తిరిగి వచ్చింది. వాళ్ళు మసక వెలుగులో ఆడుకోవడం చూసి కొండక్క సంతోషించింది, గోడ చాటుకు వెళ్ళి గుండె పగిలేలా ఏడ్చింది.

ఒకనాటి మధ్యాహ్నం లచ్చుమక్క కునుకులో అమ్మవారు కనిపించింది. "నీ పెద్దకొడుకును నీ కత్తి చంపలేదు. లేని పాపాన్ని ఇన్నేళ్ళు ఎందుకు మోశావు? నన్ను ఈ మిట్టన నిలుపు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిగానే నిలుపు" అని ఆనతిచ్చింది. మెలకువ వచ్చిన ముసలామెకు మనసు తేలికపడింది. మరుక్షణమే, కోడలి చేతిని ఆపింది తానే కదా అని తలపుకు వచ్చింది. ఆనతి ప్రకారం బిడ్డ లేని ఒడిలో గుమ్మడికాయతో అమ్మను నిలిపి, బతికినంత కాలం ఆమె ఈ గుడి వాకిలి ఊడుస్తూనే గడిపింది.

నేటికీ ఉగాదికి మూడు దినాల ముందు ఇక్కడ గుమ్మడి నైవేద్యం జరుగుతుంది. కాయ దొర్లకుండా అత్త పట్టుకుంటుంది, కోడలు కోస్తుంది. ఉడికించిన ప్రసాదం ముందు పిల్లలకు, పిమ్మట బాలింతలకు, ఆపైన పెద్దలకు పెడతారు. గింజలు ఇంటికి తీసుకువెళ్ళి సగం తిని సగం నాటుకోవాలి. బిడ్డ చూపు మందగిస్తే ప్రసాదంతో సరిపెట్టక వైద్యుడికీ చూపించాలి. ఈ అమ్మవారు ఏ తప్పునైనా మన్నిస్తుంది గాని ఆలస్యాన్ని మన్నించదని పెద్దల మాట. సందెవేళ ప్రతి తల్లీ తన బిడ్డకు వేళ్ళు చూపి ఎన్నని అడుగుతుంది. పిల్లలు గట్టిగా లెక్క చెబుతుంటే మిట్టంతా మారుమోగుతుంది. ఆ బిడ్డల కండ్లను అమ్మ చల్లగా కాపాడుతుందని భక్తుల విశ్వాసం.

ఆ సందడి ముగిశాక వంక గట్టు మీద ఒక విస్తరి వేసి, ముందే తీసి ఉంచిన తొలి ముక్క వడ్డిస్తారు. పూజారమ్మ దాని ఎదుట కూర్చొని, మూడు వేళ్ళు చూపి, "ఓబులూ, ఎన్ని వేళ్ళురా?" అని అడుగుతుంది. భక్తులెవరూ బదులు పలకరాదు. ఆమె కాసేపు ఎదురుచూసి, చేయి దించి, గుడిలో దీపం పెడుతుంది.