నిగారింపు క్లినిక్ బోణీ

కాకినాడ భానుగుడి సెంటర్లో ప్రసూన అని ఒక చర్మ డాక్టరు ఉండేది. హస్తవాసి గొప్పదే గానీ, ఎదుటివాళ్ళు ఏదడిగినా "వద్దు" అనలేని మొహమాటం ఆమెకు పుట్టుకతోనే వచ్చింది.

పుట్టుకతో అన్నది ఊరికే అన్న మాట కాదు. వాళ్ళ నాన్న సత్యలింగం గారికి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు ఉండేది. ఆ కొట్లో "లేదు" అనే మాట వినబడకూడదు. సరుకు అయిపోతే "నిండుకుందండి" అనాలి. అడిగిన రంగు దొరక్కపోతే "రేపు వచ్చేస్తుందండి" అనాలి. ఇక పొద్దున్నే గడప తొక్కిన బోణీ బేరాన్నయితే చచ్చినా వెనక్కి పంపకూడదు. ఆ కొట్లో ఓ మూల కూర్చుని ఎక్కాలు వల్లెవేసిన పిల్లకు ఎక్కాలతో పాటు ఇవీ ఎక్కేశాయి. కాలేజీలో పక్కవాళ్ళ రికార్డులన్నీ తనే రాసిపెట్టేది. విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో పనిచేసిన తొమ్మిదేళ్ళూ అందరి పండగ డ్యూటీలూ తనే చేసేది. "మా ప్రసూన బంగారం" అని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోరూ మరి!

ఆ ప్రసూన ఇప్పుడు సొంత ఊళ్ళో అందాల క్లినిక్ తెరుస్తోంది. ఊరు చూస్తే ఏడాదికి ఒకలా పెరిగిపోతోంది. మొన్న ఖాళీగా ఉన్న స్థలంలో ఇవాళ ఆరంతస్తులు లేస్తున్నాయి. వీధికో ఫంక్షన్ హాలు, సందుకో బ్యూటీ పార్లరు. అయినా మొటిమల గుంటలకీ, మంగుమచ్చలకీ సరైన వైద్యం కావాలంటే పిఠాపురం పిల్లలూ సామర్లకోట పిల్లలూ రైలెక్కి విశాఖ పోవలసిందే. "ఇక ఆ రైలు ఎక్కక్కర్లేదు" అనుకున్నప్పుడల్లా ప్రసూనకు ఒళ్ళు పులకరించేది. క్లినిక్‌కి "నిగారింపు" అని పేరు పెట్టింది. బోర్డు మీద ఆ అక్షరాలు బిగిస్తుంటే రోడ్డు అవతల నిలబడి, ఒక్కో అక్షరానికీ ఒక్కో ఫోటో తీసుకుంది.

లేజర్ మిషను వచ్చిన రోజైతే వీధంతా సందడే. చెక్కపెట్టె లిఫ్టులో పట్టలేదు. ఆరుగురు మనుషులు "హైలేసా" అంటూ దాన్ని మెట్ల మీదుగా రెండో అంతస్తుకి ఎక్కించారు. సత్యలింగం గారు వెనకాలే "మెల్లిగా బాబూ, మెల్లిగా" అని అరుస్తూ తనే పెట్టె మోసినంతగా చెమటలు కక్కారు. పెట్టె విప్పగానే మిషనుకి పసుపు రాసి కుంకుమ పెట్టబోయారు. అప్పుడు సిస్టర్ దీనమ్మ అడ్డం వచ్చింది. దీనమ్మ ముప్పై ఏళ్ళు ఆసుపత్రుల్లో పనిచేసిన నర్సు. ఆమె చెయ్యి మెత్తన, నోరు పదును.

"బొట్టు పెట్టుకోండి గానండి, ఆ అద్దం జోలికి మాత్రం రాకండి. అక్కడ పసుపు పడితే మా పని అయిపోద్దండి" అంది.

ప్రసూన పకపకా నవ్వింది. ఆ వారమంతా ఆమెకు ఏ మాటకైనా నవ్వే వచ్చేది.

గురువారం పది గంటల పన్నెండు నిమిషాలకు ముహూర్తం. మామిడాకులు కట్టారు. కాజాలు పంచారు. చుట్టాలూ, స్నేహితులూ, చుట్టుపక్కల కొట్లవాళ్ళూ కలిసి నలభై మందికి పైగా హాల్లో కిక్కిరిశారు. ప్రసూన కొత్త తెల్లకోటు వేసుకుని రిబ్బను కత్తిరించింది. చప్పట్లు ఆగకముందే మెట్ల దగ్గర కలకలం రేగింది. కామాక్షమ్మ గారు వస్తున్నారు!

కామాక్షమ్మ గారికి ఊళ్ళో రెండు ఫంక్షన్ హాళ్ళున్నాయి. ఆవిడ చెవిన పడకుండా ఊళ్ళో పెళ్ళి కుదరదు. ఆవిడ బాగుందన్న కొట్టు నిలబడుతుంది, పెదవి విరిచిన కొట్టు మూతబడుతుంది. ఆవిడ కూతురు మనోజ్ఞకు వచ్చే బుధవారమే పెళ్ళి. ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని మరీ తీసుకొచ్చారు.

"డాక్టరు గారూ! బోణీ మాదే. మా పిల్ల మొహం చూడండి. ఫోటోలని చెప్పి ఉప్పాడ బీచిలో రెండ్రోజులు ఎండలో నిలబెట్టేశారు. ఎలా కమిలిపోయిందో చూశారా? ఆ మిషనేదో పెట్టేసి బుధవారానికల్లా నిగనిగలాడించెయ్యాలి. ఆయ్, మీ మీదే భారం" అన్నారు.

హాలంతా ఇటే చూస్తోంది. సత్యలింగం గారి మొహం వెయ్యి దీపాలు పెట్టినట్టు వెలిగిపోయింది. మొదటి బేరం, అందులోనూ కామాక్షమ్మ గారి బేరం!

ప్రసూన ఆ పిల్ల చెంప తాకి చూసింది. ఇంకా వేడిగానే ఉంది. ఎండకి కమిలిన చర్మం మీద లేజర్ పెడితే కాలుతుంది. కనీసం నెల రోజులు ఆగాలి. ఇది ఆమెకు పుస్తకం తెరవక్కర్లేకుండా తెలుసు. "ఇప్పుడు వద్దండీ" అనే మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా కామాక్షమ్మ గారి నవ్వు, పక్కనే నాన్న మొహం, చుట్టూ నలభై జతల కళ్ళు. ఆ మాట గొంతులోనే ఉండిపోయింది.

"సరేనండీ... ముందు ఒక్క చుక్క పెట్టి చూద్దాం. చెవి వెనకాల" అంది.

"చెవి వెనకాల ఎవరికి కనబడుద్దండీ? చెంప మీదే పెట్టండి, తేడా తెలియాలి కదా!" అన్నారు కామాక్షమ్మ గారు.

"అలాగేనండీ" అంది ప్రసూన.

లోపలి గదిలోకి వెళ్ళాక దీనమ్మ ఆమె చెవి దగ్గరికి వచ్చి, "మేడమ్ గారూ, ఇలా మొహమాటానికి పోతేనే..." అని ఆపేసింది. ఆ సామెత రెండో సగం పిల్లల ముందు చెప్పేది కాదు. మనమూ చెప్పుకోవద్దు.

మనోజ్ఞ నల్ల కళ్ళజోడు పెట్టుకుని బల్ల మీద పడుకుంది. ప్రసూన ఆమె ఎడమ చెంప మీద, పెసరగింజంత చోట ఒక్కసారి మిషను మీట నొక్కింది. టిక్కుమంది, అంతే. ఆ టిక్కుకే ప్రసూన గుండె ఎగిరిపడింది. ఎన్నేళ్ళ కలో అది! తన మిషను, తన గది, తన ఊరు. ఆ నిమిషం నిజంగా ఆనందమే.

పది నిమిషాలు గడిచేసరికి అక్కడ ఎర్రబడింది. ఇంకాసేపటికి నీటిబొబ్బ లేచింది.

ప్రసూన వంగి చూసింది. ఒక్క చుక్కకే ఇది. మొహమంతా పెట్టి ఉంటే? బుధవారం పీటల మీద కూర్చోవలసిన పిల్ల! గబగబా చల్లటి తడిగుడ్డ వేసింది, మందు రాసింది.

ఇంతలో సత్యలింగం గారు తలుపు సందులోంచి తొంగిచూశారు. కొట్లో నలభై ఏళ్ళు కూర్చున్న మనిషి, చూడగానే సంగతి గ్రహించారు. గొంతు తగ్గించి, "అమ్మడూ, కంగారు పడకు. కరెంటు హెచ్చుతగ్గులుగా ఉంది, మిషను మొరాయించిందని చెప్పెయ్యి. ఆ చుక్కంటావా, ఎండదెబ్బ అనుకుంటారు. వాళ్ళకీ కోపం రాదు, మనకీ పరువు పోదు" అన్నారు.

ఎంత సుఖమైన ఉపాయం! ఆ ఒక్క అబద్ధంతో అందరూ నవ్వుతూ ఇంటికి పోతారు. ప్రసూన ఒక్క క్షణం తండ్రి వంక ఆశగానే చూసింది. తర్వాత బల్ల మీదున్న పిల్లను చూసింది. నల్ల కళ్ళజోడు కింద మనోజ్ఞ నిశ్చింతగా ఉంది. "అయిపోయిందా అక్కా? బాగా వచ్చిందా?" అని అడిగింది. ఆ "అక్కా" అన్న పిలుపు ప్రసూనకు సూదిలా గుచ్చుకుంది. మిషను మొరాయించిందంటే వీళ్ళు ఊరుకుంటారా? రేపు ఇంకోచోట ఇంకో మిషను కింద ఈ మొహాన్ని పెడతారు.

ప్రసూన కళ్ళజోడు తీసి, ముందు ఆ పిల్లకే అద్దం చూపించి ఉన్నదంతా చెప్పింది. తర్వాత తలుపు బార్లా తెరిచి హాల్లోకి వచ్చింది.

"కామాక్షమ్మ గారూ, తప్పు నాది. ఎండకి కమిలిన చర్మం మీద ఈ మిషను పెట్టకూడదని నాకు తెలుసు. తెలిసి కూడా, మీరడిగారని, మొదటి బేరం కాదనకూడదని ఒక చుక్క పెట్టాను. బొబ్బ లేచింది. అది తగ్గే పూచీ నాది. కానీ పెళ్ళిలోపు ఈ మిషను వద్దు. నా దగ్గరే కాదు, ఎక్కడా వద్దు. మొహానికి నలుగు కూడా వద్దు."

ముప్పై అయిదేళ్ళలో ఆమె నోట "వద్దు" రావడం అదే మొదలు. వచ్చీ రావడమే గుంపుగా వచ్చింది.

కామాక్షమ్మ గారి మొహం జేగురించింది. "నలుగు వద్దా! నలుగు పెట్టకుండా పెళ్ళికూతురేంటండీ? తెలీనప్పుడు క్లినిక్‌లెందుకు తెరవాలి?" అని కూతురి చెయ్యి పట్టుకుని దడదడా మెట్లు దిగిపోయారు. ఆవిడ వెనకాలే సగం హాలు ఖాళీ అయింది. మిగిలిన సగం కాజాలు తిని వెళ్ళింది. "ఆదిలోనే హంసపాదు" అంటూ సత్యలింగం గారు కుర్చీలో కూలబడ్డారు. ప్రసూనకు ఏడుపు ముంచుకొచ్చింది. కానీ విచిత్రంగా, గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టూ ఉంది.

ఆ సాయంత్రమే మందు పట్టుకుని కామాక్షమ్మ గారింటికి వెళ్ళింది. మొదటి రోజు గేటు సగమే తెరిచారు. మనోజ్ఞే బయటికొచ్చి మందు రాయించుకుంది. రెండో రోజు కుర్చీ వేశారు. ప్రసూన చల్లటి నీళ్ళ గుడ్డ వెయ్యమంది, గొడుగు లేకుండా గడప దాటొద్దంది, నలుగుపిండి కాళ్ళకు తాకించి శాస్త్రం ముగించమంది. కామాక్షమ్మ గారు గోడవైపు తిరిగి విన్నారు గానీ, విన్నారు. మూడో రోజు మొహం కమలడం తగ్గింది. నాలుగో రోజు కాఫీ వచ్చింది. క్లినిక్‌కి మాత్రం ఈగ కూడా రాలేదు. దీనమ్మ రోజూ మిషను తుడిచి, దుప్పటి కప్పి, "ఎప్పుడు లేస్తాదో పాపం" అని నిట్టూర్చేది.

బుధవారం పొద్దున పెళ్ళి. ప్రసూన గుండె చేత్తో పట్టుకుని వెళ్ళింది. మనోజ్ఞ పీటల మీద కూర్చుని ఉంది. కమిలిన నలుపు చాలావరకు విరిగి, చర్మం సహజమైన చాయలో మెరుస్తోంది. బొబ్బ మానిపోయి, చిన్న గోధుమరంగు చుక్క మిగిలింది. సరిగ్గా బుగ్గచుక్క పెట్టే చోటే! కాటుక భరిణెతో వచ్చిన ఒక ముసలావిడ వంగి చూసి, "బుగ్గచుక్క అప్పుడే ఎవరు పెట్టేశారే? భలే కుదిరింది!" అని బుగ్గలు నొక్కుకుంది. మనోజ్ఞ ఫక్కున నవ్వేసింది.

కామాక్షమ్మ గారు నవ్వలేదు. గబగబా నడిచి వచ్చి అందరి ముందూ ప్రసూన చెయ్యి పట్టుకున్నారు.

"పెట్టింది ఈ డాక్టరమ్మే. ఒక్క చుక్క పెట్టి, తప్పయిందని నా మొహం మీదే చెప్పింది. నేను తిట్టిపోసినా రోజూ ఇంటికొచ్చి మందు రాసింది. ఆ రోజు నా మాట విని మొహమంతా చేసుంటే నా పిల్ల ఈ పీటల మీద ఎలా ఉండేదో తలుచుకుంటే నాకు నిద్దర పట్టట్లేదండి" అన్నారు. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

అంతే. మరుక్షణం ప్రసూన చుట్టూ ఆడవాళ్ళు మూగిపోయారు. మా అమ్మాయి మొటిమలనీ, నా మంగుమచ్చలనీ ఒకటే గోల. ఒకావిడ, "నాకు ఆ మిషను పెడతారాండీ?" అని అడిగింది.

"ముందు చూడాలండీ. చూశాక చేస్తానో చెయ్యనో చెబుతాను" అంది ప్రసూన.

"చెయ్యనంటే?"

"చెయ్యనన్నట్టేనండీ. మీరు బతిమాలినా సరే."

ఆవిడ పక్కావిడ వంక చూసింది. ఇద్దరూ ఒక్కసారే, "అయితే రేపే వస్తాం" అన్నారు. ప్రసూన పుట్టి పెరిగిన ఊరు ఆమెను నమ్మింది! పెళ్ళి భోజనంలో బూరె ఒకటికి రెండు వేయించుకుని, ఒక్కటీ వద్దనకుండా తినేసింది.

కోరిందల్లా ఇచ్చేవాడు ఆ పూటకే మంచివాడు. వద్దనవలసిన చోట నిజం చెప్పి వద్దనేవాడు ఎప్పటికీ నమ్మదగినవాడు.