వాసన రాని కాలువ

దర్గా ఉరుసు దగ్గరపడే కొద్దీ శిష్యుడు జిలానీకి సిగ్గు ఎక్కువైంది. ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. దర్గా గుమ్మంలోనే కుళ్లుకంపు.

ఆ కంపు పక్కనున్న కాలువది. పొలాల్లోంచి దిగే మురుగునీళ్లు దాంట్లోంచే మడుగులో పడతాయి. నీళ్లలో సెలీనియం అనే విషం ఉందని, అందుకే నీటికోళ్ల పిల్లలు వంకర కాళ్లతో పుడుతున్నాయని వ్యవసాయాధికారిణి చెప్పింది. వరిగడ్డి వేసి కుళ్లనిస్తే, అందులో పెరిగే సూక్ష్మజీవులు విషాన్ని గడ్డిలోనే ఆపేస్తాయంది. గడ్డి కుళ్లిన కంపు వస్తుంటే అవి పనిలో ఉన్నట్టేనంది. గురువు సత్తార్ షా బాబా స్వయంగా దిగి మోపులు పరిచాడు. ఆ తర్వాత పుట్టిన పిల్లలు చక్కగా నడిచాయి.

ఈసారి ఉరుసుకి బాబా పట్నం ఆస్పత్రిలో ఉన్నాడు. జిలానీ మోపులన్నీ లాగి, ఎండబెట్టి తగలబెట్టాడు. గట్టున మల్లెలు నాటాడు. వచ్చినవాళ్లు మెచ్చుకుంటుంటే వాడి మనసు మబ్బుల్లో తేలింది.

నెల దాటాక బాబా తిరిగొచ్చాడు.

"నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూడండి బాబా."

బాబా చూపు తుంగ దగ్గర ఆగింది. తల్లి నీటికోడి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి పిలుస్తోంది. పిల్ల లేవలేక రొమ్ము మీద పాకుతోంది.

"గడ్డి ఏది బేటా?"

"తీసేశాను. జనం ముక్కు మూసుకుంటే మీకు చిన్నతనమని."

"నాకా?"



బాబా లోపలికెళ్లి తన గడ్డిపరుపు కుట్లు విప్పాడు. గడ్డి చేతుల్లో పొదువుకుని కాలువకేసి నడిచాడు.

"మీ ఒళ్లు బాగోలేదు బాబా. నేను వేరే గడ్డి తెస్తాను."

"ఎక్కణ్ణుంచి? వాములన్నీ పశువులు తినేశాయి. మళ్లీ కోతలు రావాలి."

జిలానీ పరుగెత్తి తన పరుపు కూడా తెచ్చాడు. రెండూ నీళ్లలో పరిచాక పిల్ల వైపు చూశాడు.

"దీనికి?"

"దీనికి అందదు" అన్నాడు బాబా.

అప్పట్నించి బాబా కటిక నేల మీదే పడుకుంటున్నాడు. తెల్లారి లేచి, నడుం పట్టుకుని ఒకటే అడుగుతాడు.

"వాసన వచ్చిందా?"

జిలానీ కాలువ మీదికి వంగి, గుండెల నిండా గాలి పీలుస్తాడు.

మల్లెల వాసన.

"ఇంకా లేదు బాబా."