గాలిలో నిలిచిన బొంగరం

ఏరా, అన్నం పెట్టిన అమ్మమ్మ ముఖమైనా చూడకుండా లేచొచ్చి కథ చెప్పమంటావా? ఇదేం మర్యాద? వెళ్ళి ఒక మంచి మాట చెప్పి రా. ఆఁ, ఇప్పుడు కూర్చుని విను.

అనగనగా రత్నగిరిలో ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతలుండే కంకాళుడనే మాంత్రికుడు ఒకనాడు వచ్చి, ఆ రాజును రాతిబొమ్మను చేసి ఎత్తుకుపోయాడు. తండ్రిని విడిపిస్తానని పెద్దకొడుకు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. చివరికి చిన్నవాడు మణిధరుడు బయలుదేరాడు. ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు.

కోట వాకిట్లో ఒక పంజరం. అందులో నాలుక ఎండిపోయిన చిలుక. మణిధరుడు తన తిత్తిలో మిగిలిన గుక్కెడు నీళ్ళూ దానికి పట్టాడు.

"చల్లగా ఉండు నాయనా! మీ అన్నలు నన్ను కన్నెత్తి చూడలేదు. కంకాళుడు తన ప్రాణం నాలో దాచుకున్నాడు గాని, గింజ కూడా వేయడు" అంది చిలుక. "లోపల వాడు సూదంటురాతి పీట, సూదంటురాతి బొంగరం ఇచ్చి, బొంగరాన్ని గాలిలో నిలపమంటాడు. మీ అన్నలు దాన్ని కదలకుండా నిలపబోయారు. అది తిరగబడి పీటకు అతుక్కుంది, వాళ్ళు రాళ్ళయ్యారు. నువ్వు పీట మీద చెక్కపలక పెట్టి, దాని మీద బొంగరాన్ని తిప్పి, పలకను మెల్లగా పైకెత్తు. పీట దాన్ని పైకి తోస్తుంది, తిరిగినంతసేపూ నిలుస్తుంది. బరువు మైనంతో సరిచూసుకో."

మణిధరుడు పంజరానికి దణ్ణం పెట్టి లోపలికి నడిచాడు.

"మూడోవాడివీ వచ్చావా? మీ ఇంట్లో ఇంకెవరైనా మిగిలారా?" అని కంకాళుడు పగలబడి నవ్వాడు. "దారం కట్టకూడదు, మంత్రం చదవకూడదు. మూడుసార్లు ప్రయత్నించు. నేను నూరు లెక్కపెట్టేదాకా నిలిచిందా, నా మంత్రాలన్నీ పోయి ఈ రాళ్ళన్నీ మనుషులవుతారు. లేదా, నువ్వూ రాయివే."

మొదటిసారి బొంగరం పైకెగిరి పక్కన పడింది. మణిధరుడు చిటికెడు మైనం అంటించాడు. రెండోసారి బరువెక్కి కూలింది. ఆవగింజంత మైనం గిల్లేసి, మూడోసారి తిప్పి, పలక ఎత్తి, పక్కకు తీశాడు. బొంగరం గాలిలో నిలిచింది!

కంకాళుడు సాగదీసి సాగదీసి లెక్కపెట్టాడు. తొంభై దాటేసరికి బొంగరం తూలసాగింది. తొంభై తొమ్మిది... నూరు. అప్పుడు పడింది.

రాజు కళ్ళు తెరిచాడు. అన్నలు లేచారు. వాళ్ళతోపాటు, అక్కడే రాయై పడున్న కంచుకోట రాజకుమారి సువర్చల కూడా లేచింది. జరిగింది విని, "ఇంకా చూస్తారేమండీ? ఆ చిలుక మెడ విరిస్తే వాడి పీడ పోతుంది" అంది.

"మీరంతా బతికింది దాని మాట వల్లే. దాని మీద చెయ్యి వేయను" అన్నాడు మణిధరుడు. సువర్చల తల వంచి, తానే పంజరం తలుపు తీసింది. అన్నలు చిలుకను క్షమించమని వేడుకున్నారు. రాజు దానికి చేతులు జోడించాడు.

మణిధరుడు సువర్చలను పెళ్ళాడి, చాలా ఏళ్ళు చక్కగా రాజ్యమేలాడు.

కంకాళుడో? మంత్రాలు పోయాయి గాని, వాడి ప్రాణం చిలుకలోనే ఉండిపోయింది. చిలుక ఎగిరితే వాడి ప్రాణమూ ఎగిరినట్టే. డేగ కనిపిస్తే చేతులూపుతూ పరుగెత్తాడు. పిల్లి కనిపిస్తే కాళ్ళావేళ్ళా పడ్డాడు. పిల్లలు రాయి విసిరితే తన వీపు అడ్డం పెట్టాడు. నలుగురు మనుషుల్ని రాళ్ళు చేసి నవ్వినవాడు, బతికినన్నాళ్ళూ ఒక పిట్ట వెనక చెట్టు చెట్టుకూ కాపలా తిరిగాడు.