రాజు భుజం ఎక్కిన మంత్రసాని

అనగా అనగా, ఎద్దుబండిని మించిన వాహనం లేని కాలంలో, కొండలకూ సముద్రానికీ నడుమ మణిగిరి అనే రాజ్యం ఉండేది. వానాకాలం వచ్చిందంటే అక్కడ దారులన్నీ బురదే. ధాన్యం బండ్లు దిగబడిపోయేవి. కొండ ఊళ్లలో పొయ్యి వెలిగేది కాదు.

ఆ రాజ్యాన్ని ఏలే కీర్తివర్మ మనసున్న రాజు. కొండల నుంచి రేవు దాకా వరదకు మునగని మహా రహదారి వేయించడం మొదలుపెట్టాడు. రెండు నిలువుల ఎత్తు మట్టికట్ట, దాని మీద రాతి పరుపు, ఇరువైపులా లోతైన కాలువలు.

సగం పని అయ్యాక సభలో పెద్ద తక్కెడ పెట్టించాడు. "దారి మేలనుకునేవారు కుడి పళ్లెంలో రాయి వేయండి. కీడనుకునేవారు ఎడమ పళ్లెంలో వేయండి" అన్నాడు.

"పది రోజుల ప్రయాణం మూడు రోజులకు తగ్గింది ప్రభూ!" అంటూ వర్తకుడు కుడి పళ్లెంలో వేశాడు. "నా గుర్రాలకు కాళ్లు విరగడం లేదు" అంటూ సేనాపతి కుడి పళ్లెంలోనే వేశాడు. వార్తాహరుడైతే రెండు రాళ్లు వేయబోయి తిట్లు తిన్నాడు.

నాలుగో మనిషిగా మంత్రసాని గవరమ్మ వచ్చింది. పిలుపు వస్తే తింటున్న అన్నం వదిలేసి పరుగెత్తే మనిషి ఆమె. నలభై ఏళ్లలో ఏ కాన్పుకూ ఆలస్యంగా వెళ్లలేదని ఆమెకు గొప్ప గర్వం. రాయి పట్టుకుని నిలబడింది గానీ, ఏ పళ్లెంలోనూ వేయలేదు.

"ఏమమ్మా, ఆలోచిస్తున్నావు?" అన్నాడు రాజు.

"ఈ దారినే కొండ ఊళ్లకు తొందరగా పోయి ఇద్దరు తల్లుల్ని బతికించుకున్నాను దొరా. చేతులెత్తి మొక్కుతాను. కానీ మీరడిగినవాళ్లంతా దారి వెంట పోయేవాళ్లే. దాన్ని దాటేవాళ్లను ఒక్కరినైనా అడిగారా?"

సభ గొల్లుమంది. "దాటడానికేముంది, నలభై అడుగులు!" అన్నాడు సేనాపతి.

"అయితే ఒక్క రోజు నా వెంట రండి దొరా."

రాజు సరేనన్నాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆమె ఊరు చేరాడో లేదో, కట్టకు అవతలి నుంచి కేక వినిపించింది. "గవరమ్మత్తా! మా నూకాలుకు నొప్పులు! బిడ్డ అడ్డం తిరిగిందే!"

కట్ట ఊరిని రెండుగా చీల్చకముందు వీధి దాటితే ఆ ఇల్లు. ఇప్పుడు కట్టను దాటే సందు రెండు క్రోసుల దూరంలో ఉంది. కొత్త మట్టి జారుతుంది గనుక కట్ట వాలు ఎవరూ ఎక్కకూడదని రాజాజ్ఞ.

"ఆజ్ఞ నాదే కదా, ఎక్కు!" అన్నాడు రాజు.

గవరమ్మ కాలువ దాటి ఎక్కబోయింది. జారింది. మళ్లీ ఎక్కబోయింది. మోకాళ్లు చీరుకుపోయి కాలువలో పడింది. అవతల నూకాలు అరుస్తోంది.

రాజు కిరీటం గట్టున పెట్టి బురదలోకి దిగాడు. "నా భుజం మీద కాలు పెట్టమ్మా."

"అమ్మో, తప్పు దొరా!"

"తప్పొప్పులు తరవాత చూద్దాం. ముందు ఎక్కు!"

కాలు రాజు భుజం మీద మోపి, గవరమ్మ కట్ట ఎక్కింది. అవతలికి జారుకుంటూ దిగి పరుగెత్తింది. ఎలాగో బిడ్డను సరిచేసి బయటికి తీసింది. బిడ్డ ఏడవలేదు. అరికాళ్ల మీద తట్టింది, వీపు రుద్దింది. నా నలభై ఏళ్ల పేరు పోతే పోనీ, ఈ బిడ్డ దక్కితే చాలు తల్లీ అని మొక్కుకుంది. మూడోసారి తట్టేసరికి బిడ్డ కెవ్వుమంది.

కట్టకు ఇవతల బురదలో నిలబడ్డ రాజు కూడా ఏడ్చేశాడు.

మర్నాడు సభలో కొత్త ఆజ్ఞ వెలువడింది. ప్రతి ఊరి దగ్గరా కట్ట అడుగున, బండీ పశువూ పట్టేంత దారి వదలాలి.

"ఆరు నెలలు ఆలస్యమవుతుంది ప్రభూ!" అన్నాడు సేనాపతి.

"ఆలస్యమంటే ఏమిటో నిన్న కాలువలో నిలబడి విన్నాను" అన్నాడు రాజు.

దారి పూర్తయిన రోజున గవరమ్మ కట్ట అడుగు దారిన సభకు నడిచివచ్చింది. ఇన్నాళ్లూ కొంగున కట్టి దాచిన రాయిని కుడి పళ్లెంలో వేసింది.

దారి వెంట నడిచేవారినే కాక, దాన్ని దాటవలసినవారినీ అడిగి వేసినదే మంచి దారి.